మంచుమీది నాచు



ఈ రాత్రి నేను మీకు విన్నవింపబోవునది ఒక శాస్త్రజ్ఞుని చరిత్రము. ఆతడు మన దేశమువాడు కాడు. మన దేశమున అడుగు పెట్టినవాడును కాడు. ఒక్కసారి మాత్రము మన దక్షిణసముద్రముమీదుగా ఓడలో పోవుచు, సింహళద్వీపమున దిగి, రత్నపురమువద్ద కెంపులును నీలములును త్రవ్వుచోటులు చూచి వెడలిపోయెను. అయినను ఆతని కథ మన పల్లెలయందలి పెద్దలు వినదగినదని నాకు తోచుటకు రెండు కారణములు కలవు. అందొకటి నా స్వంతము. నేను ముప్పది యేండ్లు పాఠశాలలో వృక్షశాస్త్రము బోధించితిని. ఏటేట పిల్లలను, చెట్టుచేమలు మొలవని చోటులు భూమిమీద ఏవియని అడిగి, సదా మంచు కప్పియుండు ప్రదేశములని నేనే జవాబు వ్రాయించెడివాడను. అది తప్పు. నేను వ్రాయించుచున్ననాటికి నూరేండ్లకు ముందే ఒకడు దానిని దిద్దియుండెను. ఆ సంగతి నాకు తెలియదు. రెండవ కారణము కథలోనే మీకు కానవచ్చును.

ఉద్యోగము చాలించిన పిమ్మట మా అక్కగారిని వెంటబెట్టుకొని గంగోత్రికి పోతిని. అక్కడినుండి గోముఖము 18 కిలోమీటర్లు. అక్కగారు మోకాళ్లనొప్పిచేత గుడివద్దనే నిలిచిపోయిరి. నేనొక కూలివానితో నడచితిని. పటములలోవలె తెల్లని కొండ కనబడునని నా ఆశ. తీర జూడగా అది బూడిదరంగు గుట్ట. రాళ్లు, మట్టి, ఇసుక, వాని సందున నల్లని గోడవంటిదొకటి, దాని అడుగునుండి గంగ. "మంచు ఏదీ?" అని అడిగితిని. కూలివాడు కఱ్ఱతో ఆ నల్లనిగోడను గీచి, ఇదే మంచు అని చూపెను. గీచినచోట పచ్చనీలముగా మెఱసెను. మంచు ఇంత మురికిగా ఉండునా యను సందేహము ఆనాడు పట్టుకొని, ఇంటికి వచ్చిన పిదప పుస్తకములు వెదకించినది. అట్లు వెదకుచుండగా దొరికినవాడు ఈ నార్డెన్‌షోల్డు.

అడోల్ఫ్ ఎరిక్ నార్డెన్‌షోల్డు 1832వ సంవత్సరము నవంబరు 18వ తేదీన ఫిన్లండుదేశమున హెల్సింకి పట్టణమున జన్మించెను. నాడు ఫిన్లండు రష్యా చక్రవర్తి ఏలుబడిలో నుండెను. కాని నార్డెన్‌షోల్డు వంశమువారు స్వీడిషుభాష మాటలాడువారు. తండ్రి నిల్స్ గుస్టాఫ్ గనులశాఖలో పెద్ద అధికారి, ఖనిజశాస్త్రమున పేరువడసినవాడు. కుమారునకును రాళ్లమీదనే దృష్టి. చదువు ముగియుచుండగా నోరు ఆతనిని చెఱచెను. 1855లో ఒక విందున రష్యా ప్రభుత్వమును గూర్చి ఎగతాళిగా మాటలాడిరని కొలువు పోయెను. 1857లో విశ్వవిద్యాలయపు ఉత్సవమున మరల అట్టి ప్రసంగమే చేసెను. ఫిన్లండు పూర్వము స్వీడనుతో కలసియున్న కాలమును తలచుకొనుట అందలి తప్పు. గవర్నరు జనరలు ఆగ్రహమునకు గురియై దేశము విడువవలసి వచ్చెను. క్షమాపణము చెప్పుకొనిన ఉండనిచ్చెదమన్నచో ఏమి చేసియుండెడివాడో గాని, చెప్పుకొనలేదు. స్టాక్‌హోము చేరి, 1858లో అక్కడి ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఖనిజవిభాగమునకు అధికారి యయ్యెను. ఇరువదియారవ యేట దొరకిన ఆ పదవిలోనే కడదాక నుండెను.

ఆ యేటనే ఉత్తరధ్రువము దిక్కునకు ఆతని మొదటి ప్రయాణము. స్పిట్స్‌బెర్గను ద్వీపములకు 1858, 1861, 1864, 1868 సంవత్సరములందు నాలుగుమాఱులు పోయివచ్చెను. వీనినిగూర్చి విస్తరింపను. 1868లో సోఫియా యను ఓడలో 81 భాగల 42 నిమిషముల అక్షాంశమువఱకు పోవుట ఆ కాలమున గొప్పమాట. పిదప ధ్రువమునకే పోవలెనని సంకల్పము కలిగెను. బండ్లు లాగుటకు కుక్కలు పనికివచ్చునా యని చూచుటకు 1870లో గ్రీన్లాండునకు బయలుదేరెను. కుక్కలకొఱకు పోయినవానికి నాచు దొరకెను.

గ్రీన్లాండు యెట్టిదో ముందు చెప్పవలెను. పేరునకు పచ్చని నేల. ఆ ద్వీపములో నూటికి 80 పాళ్లు మంచుక్రింద నున్నది. ఆ మంచు విస్తీర్ణము 17 లక్షల చదరపు కిలోమీటర్లు. మందము నడుమ మూడు కిలోమీటర్లకు మించును. అంచుననే రాతినేల, అచ్చట ఎస్కిమోలని అప్పటివారు పిలిచిన ఇనుయిట్ జనులు సీలుచేపలను వేటాడి బ్రతుకువారు. ఆ మంచు లోపలికి పోయి చూచివచ్చినవారు నాటికి లేరనియే చెప్పవచ్చును. ఇనుయిట్ జనులకు అందు పోవలసిన పనియు లేదు. మంచులో సీళ్లు దొరకవుగదా.

1870 జూలైనెలలో నార్డెన్‌షోల్డును, స్వెన్ బెర్గ్రెను అను వృక్షశాస్త్రజ్ఞుడును, ఇద్దఱు గ్రీన్లాండువారును పడమటి తీరమునుండి మంచుమీదికి ఎక్కిరి. బెర్గ్రెను వయస్సు 32 ఏండ్లు. మంచుదేశమునకు వృక్షశాస్త్రజ్ఞుని ఎందుకు వెంటగొనిపోయెనని మీరడుగవచ్చును. తీరమున నాచులు, పాచులు, చిన్నమొక్కలు కలవు, వానికొఱకు వచ్చినవాడు. మంచుమీద ఆతనికి పనిలేదనియే అందఱు తలచిరి. రెండుమూడు దినములకు ఆ గ్రీన్లాండువారు ఇక రామని తిరిగిపోయిరి. వీరిద్దఱే మూటలు మోసికొనుచు అంచునుండి సుమారు 50 కిలోమీటర్లు పోయి, సముద్రమట్టమునకు 2000 అడుగుల పైచిలుకు ఎత్తు చేరిరి. అంతకు ముందుకు పోవుటకు తిండి చాలదయ్యెను.

ఆ మంచుమీద వారు చూచిన విశేషమేమనగా గుంటలు. మన వరిమడిలో ఎండ్రకాయ బొరియలవలె నిలువుగా త్రవ్వినట్లున్న గుండ్రని గుంటలు. కొన్ని వ్రేలు పట్టునంతవి, కొన్ని అడుగుల వెడల్పువి. లోతు ఒకటి రెండడుగులు. నిండ నిర్మలమైన నీరు, అడుగున కొలది మిల్లిమీటర్ల మందమున బూడిదరంగు ధూళి. అవి ఎంత దట్టముగ నుండెననగా, కాలు పెట్టుటకు చోటు వెదకికొనవలసి వచ్చినదనియు, పడుకొనుటకు సంచి పఱచుటకు చోటు దొరకలేదనియు నార్డెన్‌షోల్డు వ్రాసియున్నాడు. రాత్రి తడిసిన బట్టలతో, మంచుమీద, ఆ గుంటల నడుమ వారు నిద్రించిరి.

ఖనిజశాస్త్రజ్ఞుడు గనుక ధూళిని చేతికి తీసికొనెను. ఇది కొండరాయి అరగిన పొడి కాదు, దగ్గఱ కొండయు లేదు, గాలి తెచ్చినదై యుండవలెను అని అనుకొనెను. దానికి క్రయోకొనైటు అని పేరు పెట్టెను. గ్రీకుభాషలో మంచుధూళి యని అర్థము. నూటయేబది యేండ్లు దాటినను శాస్త్రజ్ఞులు నేటికిని ఆ పేరే వాడుచున్నారు.

బెర్గ్రెను సూక్ష్మదర్శినిలో చూచెను. పొడిలో పొడి మాత్రమే లేదు. జీవించియున్న నాచులు కలవు. అంతియకాదు, గుంటల వెలుపల వట్టి మంచుమీదనే గోధుమ, ఊదా వన్నెలు కలిసిన పూతవంటి దొకటి కానవచ్చినది. అది ధూళి కాదు. కణమునకు కణము చేర్చి కూర్చిన దారమువంటి నాచు. వేరు లేదు, నేల లేదు, మంచుగడ్డమీద కరగిన నీటిచెమ్మయే దానికి పొలము. దానికి బెర్గ్రెను ఆన్సిలొనీమా నార్డెన్‌షోల్డియై అని నామకరణము చేసెను. ఆన్సిలొనీమా యనగా వంకరదారము. రెండవమాట తోడివాని పేరు.

ఇచ్చట నేను మెచ్చుకొనునది వారు నాచును కనుగొనుటకంటె, దానినుండి వారు తీసిన అనుమానమును. మిట్టమధ్యాహ్నము సున్నము కొట్టిన డాబామీద నడచినవాడును, నల్లరాతి బండమీద నడచినవాడును ఎండలోని భేదమును అరికాలితో చెప్పగలరు. తెలుపు ఎండను త్రోసివేయును, నలుపు పుచ్చుకొనును. క్రొత్తగా కురిసిన మంచు రూపాయి యెండలో పదమూడణాలు ఆకాశమునకు తిరిగి యిచ్చివేయును. అందుచేతనే అది ఎండలో నిలువగలుగుచున్నది. నల్లని ధూళి దానిమీద పడెనా, ఆ ధూళి కాగి, తన క్రింది మంచును కరగించి, కరగినంత లోతునకు దిగును. దిగినకొలది ఏటవాలు సూర్యకిరణములు తగ్గును. అంతట గుంట ఆగును. ఇది గుంటల వృత్తాంతము. పైపూత నాచు దిగదు. వెడల్పున వ్యాపించి మంచుముఖమునంతటిని నల్లబఱచును. కావున కంటికి ఆనని ఈ మొక్కయే, ఆ ధూళితో కలసి, ఇంత గొప్ప మంచురాశికి శత్రువని నార్డెన్‌షోల్డు తీర్మానించెను. ఇంకొక అడుగు ముందుకు వేసి, పూర్వము ఉత్తర ఐరోపాను అమెరికాను కప్పియుండిన మంచు కరగిపోయి, నేడచ్చట అడవులును గోధుమచేలును ఉండుటకు బహుశః ఈ మొక్కకే మనము ఋణపడి యుందుమని వ్రాసెను. ఆ కాలమున మంచుయుగమను మాటయే అందఱును ఒప్పుకొనలేదు. దానిని కరగించిన పాపమో పుణ్యమో ఒక నాచునకు అంటగట్టుట సాహసమే. మంచుయుగములు తొలగుటకు భూమి తిరుగు మార్గమందలి మార్పులు మూలమని పిమ్మట తేలినది. నాచు ఆ పనిలో కూలివాడు కావచ్చును గాని యజమానుడు కాడు. కాని ఆతడు చెప్పిన పనితీరు మాత్రము నిజము.

గోముఖపు మురికి విషయము కూడ ఇచ్చటనే చెప్పవలెను. లేనిచో మీరు తికమకపడుదురు. మన సోడాదుకాణమువాడు మంచుగడ్డను ఊకలోనో రంపపుపొట్టులోనో కప్పి, గోనె చుట్టి, కరగకుండ కాపాడుట మీరందఱు చూచినదే. అట్లే హిమానీనదముమీద రాళ్లును మట్టియు మందముగా పడినచో ఎండ లోనికి పోలేక మంచు నిలుచును. పలుచగా, ఒక పూతగా పడినచో కరగును. మందమైన మురికి గొంగడి, పలుచని మురికి పెనము. నేను గోముఖమువద్ద చూచినది చాలవఱకు గొంగడి. నార్డెన్‌షోల్డు చూచినది పెనము. మురికి యన్నది ఒకటే గదా యని నేను చాలదినములు పొరపడితిని.

నార్డెన్‌షోల్డు కూడ పొరపడెను, వేఱువిధముగా. ఆ 1870వ సంవత్సరమందే డిస్కో ద్వీపపు ఒడ్డున ఊవిఫాక్ అనుచోట అక్కడివారు చూపగా గొప్ప ఇనుపబండలను కనుగొనెను. అందు పెద్దది 20 టన్నులకు మించినది. ఇవి ఆకాశమునుండి పడిన ఉల్కలని ఆతడు నిశ్చయించెను. మఱుసటి యేట ఓడ పంపి వానిని తెప్పించిరి. కాని డెన్మార్కువాడు స్టీన్‌స్ట్రుప్ అను పండితుడు పరిశోధించి, ఆ ఇనుము అచ్చటి అగ్నిపర్వతశిలలోనే పుట్టినదనియు, ఆకాశముతో సంబంధము లేదనియు నిరూపించెను. ఇంతలో నార్డెన్‌షోల్డు మనస్సున ఆకాశము నాటుకొనియుండెను. 1871 డిసెంబరులో స్టాక్‌హోమున మంచు కురియగా దానిని కరగించి చూచి, మసివంటి నల్లని పొడిలో ఇనుపరేణువులు కనుగొని, ఇవియు ఆకాశధూళియే అనెను. గ్రీన్లాండు గుంటలలోని ధూళిలో కొంతభాగము అట్టిదే యని వాదించెను. పట్టణపు మంచులో మసి యుండుటకు ఆకాశము అక్కఱలేదు, పొగగొట్టములు చాలునని చెప్పినవారు లేకపోలేదు.

ఎవరిది నిజము? గుంటలలోని ధూళిలో హెచ్చుభాగము భూమిమీదినుండి గాలి తెచ్చినదే. అంతమాత్రమున నార్డెన్‌షోల్డు పూర్తిగ ఓడిపోలేదు. 1980 తరువాత ఫ్రాన్సుదేశపు మోరెట్ అను శాస్త్రజ్ఞుడును ఆతనితోడివారును గ్రీన్లాండు మంచు కరగిన మడుగులలోని క్రయోకొనైటును జల్లించి, నిజముగా ఆకాశమునుండి పడిన సూక్ష్మరేణువులను వెలికిదీసిరి. 1986లో ఆ సంగతిని ప్రకటించిరి. ఉన్నది కొంచెమే, కాని ఉన్నది. వాదమున గెలువని మనుష్యుడు మట్టిలో కొంత గెలిచెను.

గుంటలలో జీవమెట్లు నిలిచియున్నదో ఇప్పటివారు కనిపెట్టినదానిని క్లుప్తముగ చెప్పెదను. నీలహరిత జాతి సూక్ష్మజీవులు సన్నని దారములుగా పెరుగును. వాని ఒంటినుండి జిగురు ఊరును. ఆ దారములును జిగురును ధూళిరేణువులను పట్టి, బెల్లపుపాకము నువ్వులను పట్టినట్లు, చిన్న ఉండలుగా కట్టును. ఆ ఉండయే ఒక ఊరు. పైన ఎండ తగులువైపు నాచులు. అవి గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చి, ఎండబలముచేత అందలి కర్బనమును తమ శరీరముగా చేసికొనును, మన వరిపైరు చేయు పనియే. లోపల చీకటిలో ఆ నాచుల కళేబరములను తిని బ్రతుకు బాక్టీరియాలు. వీనిని తినుటకు ఎనిమిది కాళ్ల నీటియెలుగులని చెప్పబడు సూక్ష్మజంతువులు. చచ్చినవి క్రుళ్లి నల్లని చివికిన పదార్థమగును. పెంటకుప్ప అడుగున ఎరువు నల్లబడుటను మీరెఱుగుదురు, అదియు ఇట్టిదే. నల్లబడినకొలది ఎండను మరింత పుచ్చుకొనును. ధూళి నాచునకు ఎరువు, నాచు ధూళికి గూడు, రెండును కలసి మంచునకు వేడి.

ఇందు లెక్క యొకటి కలదు. ఇంగ్లండులో బ్రిస్టలు విశ్వవిద్యాలయమున నుండిన అనేసియో అను శాస్త్రజ్ఞుడును ఆయనతోడివారును 2009లో లెక్కకట్టి, అంటార్కిటికా కాక తక్కిన హిమానీనదములన్నిటి గుంటలలోని జీవులు ఏటికి 64,000 టన్నులవఱకు కర్బనమును గాలినుండి పట్టగలవని చెప్పిరి. పొర పలుచనైనచోట పట్టునది హెచ్చు. మందమైనచోట అడుగురేణువులకు ఎండ అందక, తిని విడుచునదే హెచ్చగును. 64,000 టన్నులని వినుటకు ఘనముగా నున్నది. మనుష్యులు బొగ్గును చమురును కాల్చి ఏటికి గాలిలో కలుపు కర్బనము సుమారు 1000 కోట్ల టన్నులు. ఈ నాచులు మన పొగను మ్రింగి రక్షించునని యెవరైన చెప్పినచో నమ్మవలదు. వాని బలము అవి పట్టిన కర్బనపు తూకములో లేదు. దాని రంగులో నున్నది.

ఇక నార్డెన్‌షోల్డు శేషజీవితము. 1872లో ధ్రువమునకని బయలుదేరెను. గ్రీన్లాండులో చూచినదానినిబట్టి కుక్కలను మాని రెయిండీరుజింకలను తీసికొనిపోయెను. అవి తుపానులో తప్పించుకొని పోయెను. వెనుకకు పోవలసిన ఓడలు మంచులో చిక్కుకొని, చలికాలమంతయు ఉన్న తిండిని పంచుకొని గడపవలసి వచ్చెను. ధ్రువము దొరకలేదు. అటుపిమ్మట ఆతని దృష్టి తూర్పునకు మరలెను. సైబీరియా ఉత్తరముగా సముద్రమున పసిఫికునకు దారి కలదా యని మూడువందల యేండ్లుగా ఎందఱో వెదకి చచ్చిరి. 1878 జూన్ నెలలో వేగా యను ఓడ బయలుదేరి, ఆగస్టు 19న ఆసియా ఉత్తరపుకొనను దాటి, బేరింగు జలసంధికి కొలదిదూరములో సెప్టెంబరున మంచులో చిక్కెను. కొంచెము ముందు వచ్చియుండిన ఆ యేడే దాటిపోయెడివారు. పది నెలలు అచ్చట నిలిచి, 1879 జూలైలో విడుదలయై, సెప్టెంబరు 2న జపానులో యోకొహామా చేరిరి. ఒక్క ప్రాణమును పోలేదు. జపానులో ఆతడు కొనినది పట్టువస్త్రములు కావు, వేయిదాక పుస్తకములు. ఆ తిరుగుప్రయాణమందే, నేను మొదట చెప్పినట్లు, సింహళమున దిగెను. 1880 ఏప్రిలున స్టాక్‌హోము చేరగా రాజు బారను బిరుదమిచ్చెను. నోటి దురుసుచేత దేశము విడిచినవానికి ఆ రాత్రి నగరమంతయు దీపములు పెట్టిరి.

కీర్తి వచ్చిన పిదప ఆతనికి గ్రీన్లాండు మీద మరల ఆశ పుట్టెను. మంచునడుమ ఎక్కడనో పచ్చని నేల యుండవచ్చునని ఆతని ఊహ. తడిగాలి అంచునే మంచును విడిచి, లోపలికి పొడిగాలిగా పోవునుగదా యని తర్కము. 1883లో మరల ఎక్కెను. గుంటలు మరల ఎదురై కాళ్లను పట్టుకొనెను. 100 కిలోమీటర్లకు మించి పోయి ఆగి, తన వెంట వచ్చిన లార్స్ టువోర్డా, ఆండర్స్ రాస్సా అను ఇద్దఱు సామీజాతివారిని మంచుచెక్కలమీద ముందుకు పంపెను. వారు 57 గంటలలో తిరిగివచ్చి, 230 కిలోమీటర్లు లోపలికి పోయితిమనియు, అంతటను మంచేయనియు చెప్పిరి. అంతదూరము అంతకాలములో పోవుట అసంభవమని పండితులు నవ్విరి. 1884 ఏప్రిలున స్వీడను ఉత్తరమున 220 కిలోమీటర్ల పందెము పెట్టగా, టువోర్డా 21 గంటల 22 నిమిషములలో ముగించి గెలిచెను. నవ్వులు నిలిచెను. కూలికి వచ్చినవాని మాటను నమ్ముటకు పందెము కావలసివచ్చెను. నమ్మినవాడు నార్డెన్‌షోల్డు ఒక్కడు. తన పచ్చనినేల ఊహను చంపినది ఆ మాటయే యైనను నమ్మెను.

తుదిదినములలో పాత భూపటములను సేకరించి 1889లోను 1897లోను రెండు గొప్ప గ్రంథములు ప్రకటించెను. పెద్దకుమారుడు గుస్టాఫ్, అమెరికాలో మేసావెర్డె కొండగుహల ఇండ్లను పరిశోధించినవాడు, క్షయవ్యాధిచే 1895లో 26 ఏండ్లకే మరణించెను. తండ్రి 1901 ఆగస్టు 12న పోయెను. ఆతనిని వేగా నాయకుడని లోకము తలచెను. గ్రీన్లాండు గుంటలను ఎవరును తలపలేదు.

మఱపు ఎంతకాలము సాగెనో చూడుడు. 1960లో గెర్డెల్, డ్రూయెట్ అను ఇద్దఱు అమెరికనులు గ్రీన్లాండు వాయవ్యమున ఆ ధూళిని మరల పరీక్షించిరి. 1984లో జపానుదేశపు కోషిమా అను యువకుడు నేపాళమున లాంగ్‌టాంగు లోయలో యాలా హిమానీనదముమీద పుట్టి పెరుగు ఒక పురుగును ప్రకటించెను. దాని తిండి మంచులోని నాచును బాక్టీరియాలును. అంతట హిమాలయపు మంచును కూడ జీవముగల నేలగా పండితులు చూడసాగిరి. 2012లో ఆస్ట్రియావారు ఆ వంకరదారపు నాచునకు ఊదావన్నె ఎందుకో కనుగొనిరి. రాత్రియే లేని ధ్రువపు వేసవిలో ఎండ హెచ్చై పచ్చదనమును మాడ్చును; దానికి గొడుగుగా ఆ రంగు. టీ కషాయమునకు రంగునిచ్చు పదార్థములకు అది చుట్టము. గొడుగు పుచ్చుకొనిన వేడి గొడుగులో నిలువక క్రింది మంచునకు దిగుచున్నది. 2017 వేసవిలో గ్రీన్లాండు నైరృతిభాగమునుండి పాఱిన కరగునీటిలో నూటికి 10 మొదలు 13 పాళ్లు ఈ నాచువలన అదనముగా కరగినదని 2020లో ఇంగ్లండువారు లెక్క తేల్చిరి.

ఇది మన కేల యందురేమో. మన గోదావరి త్ర్యంబకమున, కృష్ణ మహాబలేశ్వరమున వానలకు పుట్టినవి. వానిలో మంచునీరు చుక్కయు లేదు. గంగవలె మన నదులకు హిమానీనదములతో పని లేదు. మనకు సంబంధము నదివైపున గాదు, సముద్రమువైపున. గ్రీన్లాండు మంచంతయు కరగినచో ప్రపంచమందలి సముద్రములు సుమారు 7 మీటర్లు పెరుగును. అది ఒక తరమున జరుగునది కాదు, శతాబ్దముల పని. అయినను 1900 మొదలు నేటికి సముద్రమట్టము ఇంచుమించు జానెడు పెరిగినది. జానెడే గదా యని దివిసీమవారు అనరు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రి నీరు ఏ మెట్టుదాక వచ్చి ఆగినదో, ఏ మెట్టు దాటినచో ఎవరు బ్రతుకకుందురో ఆ ఊళ్లవారికి జానలలోనే తెలియును.

వేడి పెరిగి మంచుమీద చెమ్మ హెచ్చినకొలది నాచునకు పొలము పెరుగును. నాచు పెరిగినకొలది చెమ్మ హెచ్చును. పొగలలోని మసి గాలిలో కొట్టుకొనిపోయి అదే మంచుమీద పడును. పొయ్యిలోని బొగ్గును నాచులోని కర్బనమును అక్కడ ఒకే పూతగా కలియును. నార్డెన్‌షోల్డు గోధుమచేలకొఱకు ఈ మొక్కకు కృతజ్ఞత చెప్పెను. ఆనాటి మంచు ఆతని కంటికి తరుగనిది. మొక్క అదియే, పని అదియే.

బెర్గ్రెను సంగతి చెప్పక ముగింపరాదు. స్వీడనుకు తిరిగివచ్చి, న్యూజిలండుదాక పోయి మొక్కలు సేకరించి, ఉప్సాలాలోను లుండులోను ఆచార్యుడుగా నుండి, 1917లో మరణించెను. గ్రీన్లాండు మంచుమీద వంకరదారమునకు తోడుగా పెరుగు మఱియొక నాచు కలదు. దానికి మెసొటీనియం బెర్గ్రెనియై అని పేరు పెట్టిరి. ఇద్దఱి పేళ్లును నేటికిని ఆ మంచుమీద ప్రక్కప్రక్కనే పెరుగుచున్నవి.